దారం లేని కుట్టు

పాపకు ఇది మొదటి జలుబు. ముక్కు బిగుసుకుపోయి పాలు సరిగ్గా తాగదు, పడుకోబెడితే గురగురమంటూ లేచి ఏడుస్తుంది. డాక్టరు ఇచ్చిన ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేశాను. భుజాన వేసుకుని కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాను. నిద్ర చెడుతుందని పొద్దుటినుంచీ కుట్టుమిషన్ జోలికే పోలేదు. ఇంట్లో అన్నీ గుసగుసలే. మా ఆయనైతే చెప్పులు చేత పట్టుకుని పనికి వెళ్ళాడు.

"పాపను నాకిచ్చి, నువ్వు ఆ చొక్కా సంగతి చూడు," అంది అత్తయ్య.

"మిషన్ చప్పుడుకి ఇంకా ఏడుస్తుంది అత్తయ్యా."

"ఇప్పుడేమన్నా నవ్వుతోందా?"

ఒళ్ళు మండి మిషన్ ముందు కూర్చుని తొక్కాను. టకటక మొదలవగానే ఏడుపు సన్నగిల్లింది. నా కడుపులో ఉన్నన్నాళ్ళూ పాప రోజంతా విన్నది ఈ చప్పుడే. కాసేపటికి అత్తయ్య భుజం మీదే నోరు తెరుచుకుని నిద్రపోయింది.

చొక్కా పూర్తయింది. కాలు ఆపగానే పాప కదిలింది. గబగబా దారం తీసేసి, గుడ్డ లేకుండా ఉత్త సూదితో మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను.

పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసి, "గిరాకీ బాగున్నట్టుందే," అంది.

తలూపాను గానీ కాలు ఆపలేదు.