చోటు మారిన బాణాలు

రెండు కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఏది కొనాలో లాభపంచమి లోపల తేల్చెయ్యాలని దిల్‌సుఖ్‌భాయ్ పట్టుబట్టి కూర్చున్నాడు. దీపావళికి మూసిన దుకాణాలు మా రాజ్‌కోట్‌లో ఆ రోజునే తలుపులు తెరుస్తాయి. కొత్త పని ఏదైనా అప్పుడే ముట్టుకోవాలి, లేదంటే ఏడాదంతా కుంటుతూ నడుస్తుందని మావాళ్ళ నమ్మకం. ఆయన మొదలుపెట్టబోయే పని షేర్ల వ్యాపారం. పెట్టుబడి మాత్రం ఆయనది కాదు, చెల్లెలు కుందన్‌బెన్‌ది.

అసలు చెప్పుకోవలసింది ఆ డబ్బు సంగతే. కుందన్‌బెన్ భర్త పోయి మూడేళ్ళయింది. ఒక్కతే కూతురు, భూమి. ఇరవయ్యేడేళ్ళు వచ్చినా బుద్ధి ఆరేళ్ళ దగ్గర ఆగిపోయింది. రోట్లీ తుంచి పెడితే తింటుంది, దువ్వెన పట్టుకుంటే బుద్ధిగా తల వంచుతుంది, ఒక్కతినే గంట వదిలితే వణికిపోతుంది. కుందన్‌బెన్‌కు గుండెలో కవాటం పాడయింది. ఆపరేషన్‌కు ఈ ఒళ్ళు తట్టుకోదని, రెండేళ్ళు గడిస్తే గొప్పని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. ఆనంద్ వైపు ఒక ఆశ్రమం ఉంది. భూమిలాంటి వాళ్ళను బతికినంతకాలం చూసుకుంటారు. నలభై లక్షలు ఒక్కసారిగా కట్టాలి. చైత్రం దాకా చోటు ఆపి ఉంచుతామన్నారు. కుందన్‌బెన్ చేతిలో ఉన్నది ముప్ఫై ఒకటి.

అన్నాచెల్లెళ్ళ పండగ భాయీబీజ్ నాడు అన్నను భోజనానికి పిలిచి, పళ్ళెంలో శ్రీఖండ్ వేస్తూ అడిగింది.

"మోటాభాయ్, ఇంకా తొమ్మిది లక్షలు కావాలి. నువ్వు షేర్లు చూస్తుంటావు కదా. ఏమైనా దారుందా?"

"తొమ్మిదేనా?" అన్నాడు దిల్‌సుఖ్‌భాయ్, పూరీ తుంచుతూ. "నువ్వు ధైర్యంగా ఉండు. చైత్రం ఎందుకు, ఫాల్గుణంలోనే తెచ్చి నీ ఒళ్ళో పోస్తాను."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఉన్న ముప్ఫై ఒకటీ నీ చేతికే ఇస్తానని చెప్పి, ఇంకో పూరీ వేసింది. ఆ మాట ఎంత బరువైనదో ఆయనకు ఇంటికి వచ్చి చెప్పులు విప్పేటప్పుడు గాని తెలియలేదు.

మనిషి మోసగాడు కాదు, తెలివి తక్కువవాడూ కాదు. ముప్ఫై ఏళ్ళు డీజిల్ ఇంజన్ల ఇనుప పోతలకు చెక్క నమూనాలు చేసినవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఇంతకుముందు తన డబ్బుతో ఏవో పదీపరకా షేర్లు పక్కవాడి మాట మీద కొన్నాడు, అమ్మాడు. చెల్లెలి డబ్బుతో అలా కుదరదని, ఈసారి సరైన పనిముట్టు చేతబట్టి దిగాలని నిశ్చయించుకున్నాడు. షేర్ల ధరలు చూపించే తమ ప్రోగ్రాములను కంప్యూటర్‌లో పదిహేను రోజులు ఉచితంగా వాడి చూసుకోమని రెండు కంపెనీలు ఇచ్చాయి. ఒకటి రేఖాదర్శన్, ఇంకొకటి విజయబాణ్.

రేఖాదర్శన్ చూడ్డానికి చప్పగా ఉంది. ధర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూపే నిలువు కడ్డీలు, కొన్ని గీతలు, కంపెనీ లాభనష్టాల పట్టిక, అంతే. కొనమనదు, అమ్మమనదు. విజయబాణ్ అలా కాదు. పావుగంటకొక కడ్డీ గీస్తుంది. ధర పెరగబోతుంటే కడ్డీ కింద పచ్చబాణం, పడబోతుంటే పైన ఎర్రబాణం.

ఆయన తన వృత్తి పద్ధతిలోనే పరీక్ష పెట్టాడు. కొత్త కొలబద్ద కొంటే, కొలతలు ముందే తెలిసిన పాత పోతను దానితో కొలిచి చూసేవాడు. ఇక్కడా అదే చేశాడు. ఒక సిమెంటు కంపెనీ షేరు తీసుకుని, తెరను రెండేళ్ళు వెనక్కి జరిపి, ఒక్కొక్క బాణమే లెక్కపెట్టాడు. నలభై రెండు బాణాల్లో నలభై ఒప్పు. అదే షేరును రేఖాదర్శన్‌లో ధర గీత దాటినప్పుడల్లా కొని అమ్మే సూత్రం పెట్టి పరీక్షిస్తే, నలభై రెండింటిలో ఇరవై మూడు తప్పని అదే ఒప్పుకుంది.

పైఅంతస్తులో ఉండే వజూభాయ్ టీకి వచ్చాడు. బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ షేర్ల ధరలను గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటాడు. ఆ అలవాటుతో ఏం సంపాదించాడయ్యా అంటే, కళ్ళజోడు నెంబరు.

"దిల్‌సుఖ్, తప్పు చేశానని చెప్పే దాన్నే కొను," అన్నాడు సంగతంతా విని, టీ సాసరులో పోసుకుంటూ.

"సగానికి సగం తప్పని చెప్పేదాన్ని డబ్బిచ్చి కొనమంటావా మాస్టారూ?"

"షేరుబజారులో నలభై రెండుకు నలభై తెచ్చుకునేవాడు దేవుడైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి. దేవుడు నెలకు రెండువేలు చందా అడగడు."

దిల్‌సుఖ్‌భాయ్ పకపకా నవ్వాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా, ఉచిత సలహా అంతకంటే పనికిరాదు. లాభపంచమి నాడు కంప్యూటరుకు కుంకుమబొట్టు పెట్టి, పూజ చేసి, విజయబాణ్‌కు ఏడాది చందా కట్టాడు. అమ్మిపెట్టిన కేతన్ అనే కుర్రాడు పేడాల డబ్బా ఇచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌భాయ్ రేఖాదర్శన్‌ను కంప్యూటరులోంచి తీసేశాడు.

మా ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కుక్కలు కూడా నిద్రపోతాయి. బజారు షట్టర్లన్నీ దిగిపోతాయి. డాక్టరు వచ్చినా, కలెక్టరు వచ్చినా తలుపు తీసే నాథుడుండడు. దిల్‌సుఖ్‌భాయ్ పుట్టి బుద్ధెరిగాక ఆ నిద్ర మానింది లేదు. ఇప్పుడు మానేశాడు. వీధి వీధంతా చచ్చినట్టు పడుకుంటే, ముందుగదిలో ఫ్యాను చప్పుడు కింద ఆయన ఒక్కడే తెరకు ముఖం ఆనించి కూర్చునేవాడు.

"కాస్త నడుం వాల్చండి. మీ ముఖం చూస్తుంటే నాకు భయమేస్తోంది," అనేది భార్య ఇందుబెన్.

"బజారు నిద్రపోదే. బాణం ఎప్పుడు పడుతుందో!"

చెల్లెలు ఆసుపత్రికి తిరిగే రోజుల్లో భూమిని ఇక్కడే దించి వెళ్ళేది. భూమి మామ పక్కన ఎత్తుపీట వేసుకుని, రంగుపెన్సిళ్ళతో కనిపించినదల్లా పుస్తకంలో దించేది. తెర మీది కడ్డీలు, బాణాలు, అడుగున తేదీ. అంకెలు చదవడం రాదు గాని, బొమ్మలాగే పొల్లు పోకుండా దించేది.

"మామా, పచ్చది వచ్చింది!" అని చప్పట్లు కొట్టేది.

పచ్చది రాగానే ఆయన కొనేవాడు. అదీ షేరు పూర్తి ధర పెట్టి కాదు, కొంత కట్టి పెద్ద పందెం కాసే ఫ్యూచర్స్‌లో. తొమ్మిది లక్షలు అయిదు నెలల్లో రావాలంటే నత్తనడక పనికిరాదు మరి. మొదటి వారం లక్షన్నర వచ్చింది. రెండో వారం రెండు లక్షలు పోయాయి. పోయిన ప్రతిసారీ మర్నాడు వెనక్కి జరిపి చూసుకునేవాడు, ఎక్కడ తప్పానా అని. చూస్తే, తను కొన్న చోట పచ్చబాణం లేనేలేదు. దానికి నాలుగు కడ్డీల ముందు ఎర్రబాణం, అమ్మమని చెబుతూ, రాయిలా నిలబడి ఉంది.

"నిన్న దీన్ని నేనెలా చూడలేదబ్బా?" అని గొణుక్కునేవాడు. నిద్ర చాలక కళ్ళు మోసం చేస్తున్నాయనుకున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన అంతా బాగుందన్నా వినకుండా కొత్త అద్దాలు వేయించుకున్నాడు. ఒళ్ళు మండే సంగతి ఇదే. ముప్ఫై ఏళ్ళు వెంట్రుకవాసి తేడా పట్టిన కళ్ళను అనుమానించాడు గాని, తెరను అనుమానించలేదు. పరీక్షలో నలభై మార్కులు తెచ్చుకున్నది తప్పెందుకు చెబుతుంది!

పుష్యం వెళ్ళేసరికి ముప్ఫై ఒకటి ఇరవై మూడయింది. పోయినది రాబట్టాలని పందెం పెంచాడు. మాఘంలో పదహారున్నరయింది. కుందన్‌బెన్ ఫోను చేసినప్పుడల్లా "బాగుంది, బాగుంది" అనేవాడు. ఆ మాట అంటూ గోడవైపు తిరిగేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం, రెండున్నరకు, భూమి ఎత్తుపీట మీదే నిద్రపోయింది. పుస్తకం జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది. తీసి బల్ల మీద పెట్టబోతూ, తెరిచి ఉన్న పేజీ చూశాడు. అడుగున తేదీ, మొన్నటిది. చివరి కడ్డీ కింద పచ్చబాణం. తెరలో అదే తేదీ తీశాడు. ఆ కడ్డీ కింద ఏమీ లేదు. దానికి నాలుగు కడ్డీల ముందు ఎర్రబాణం ఉంది.

పేజీ తిప్పాడు. ఇంకో తేదీ. అక్కడా అంతే. ఇంకొకటి. అక్కడా అంతే. భూమికి అబద్ధం గియ్యడం రాదు. ఆయన వెంటనే కేతన్‌కు ఫోను చేశాడు. మూడోసారికి నిద్రగొంతుతో ఎత్తాడు.

"ఒరే కేతన్, బాణాలు చోటు మారుతున్నాయిరా!"

"మారడం కాదు కాకా, సర్దుకోవడం. ధర ఎటు వెళ్ళిందో తెలిశాక బాణం తన చోటు సరిచేసుకుంటుంది. షరతుల్లో రాసే ఉంది, మీరు చదవలేదా?"

"ధర వెళ్ళిపోయాక సరిచేసుకుంటే నాకెందుకురా? పాతవన్నీ ఒప్పుగా కనబడ్డాయంటే..."

"అందుకే ఒప్పుగా కనబడతాయి కాకా. పడుకోండి, నాలుగింటికి మాట్లాడదాం."

దిల్‌సుఖ్‌భాయ్ ఫోను బల్ల మీద పెట్టాడు. పాత పోతను కొలిచి చూశానని మురిసిపోయాడు గాని, పోతను చూసి తన గీతలు మార్చుకునే కొలబద్ద లోకంలో ఉంటుందని ఆయన ఊహకైనా రాలేదు.

మూడింటికి తలుపు తట్టారు. ఊరు పడుకున్న వేళ తలుపు తట్టేది ఎవరా అని ఇందుబెన్ లేచి వచ్చి గడియ తీసింది. కుందన్‌బెన్. మెట్లెక్కిన ఆయాసంతో మాట రాక, గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది మోటాభాయ్. కిటికీ పక్క మంచం ఇస్తారట. అది కావాలంటే చైత్రం దాకా ఆగకుండా వచ్చే సోమవారమే కట్టెయ్యమన్నారు. భూమి బట్టలన్నిటికీ పేరు కుట్టేశాను." కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంది. "నలభై అయ్యాయా?"

తెరను ఇటు తిప్పి చూపిస్తే ఈ పూటకు గట్టెక్కేవాడే. ఎంత వెనక్కి జరిపినా అందులో అన్నీ లాభం చూపే ఒప్పు బాణాలే, ఆమెకు తప్పు ఒక్కటీ కనబడదు. ఆయన చెయ్యి అటు వెళ్ళింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"పదహారున్నర," అన్నాడు.

"పదహారున్నర పైన వచ్చిందా? అమ్మో, అంత ఎందుకు మోటాభాయ్? తొమ్మిది చాలన్నాను కదా!"

"వచ్చింది కాదు కుందన్. మిగిలింది."

ఇందుబెన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుందన్‌బెన్ అన్న ముఖంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె మాత్రం, నిద్రపోతున్న కూతురి వైపు తిరిగి, నోటి చివర కారిన చొంగను కొంగుతో తుడిచింది.

"భాభీ," అంది తర్వాత వదినతో, మామూలు గొంతుతోనే. "కాసిని మంచినీళ్ళియ్యి. డాక్టరు రాసిన ఆ ఖరీదు మాత్ర ఉంది కదా, ఎలాగూ పోయేదాన్నని, దండగని మానేశాను. ఇవాళ్టి నుంచి వేసుకుంటాను. ఇంక నేను చావడానికి లేదు."