మేకు పట్టిన చెయ్యి

ఫ్లెక్సీలు వచ్చి గద్వాలలో బోర్డులు రాసేవాళ్ల నోట్లో మన్ను కొట్టాయి. సాబిర్ చేతిరాత ముత్యాలే అని మెచ్చుకున్న కిరాణం సేట్లు కూడా మెషిన్ అక్షరాలకు మారిపోయారు. మెచ్చుకోళ్లు కూడు పెడతాయా? అందుకే గట్టు మండలంలో ఒక ఊళ్లో కొత్తగా ఇల్లు కట్టిన భానుప్రకాశ్ కబురు పెట్టగానే కుంచెలు కడుక్కుని బస్సెక్కాడు.

భానుప్రకాశ్‌ది బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. అతని భార్య అమూల్య ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి ఒక బొమ్మ చించి తెచ్చింది. గోడ నిండా వలయంలో వలయం, దానిలో ఇంకో వలయం. నారింజ, పసుపు, ఎరుపు, వంకాయ రంగు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"దీన్ని సైకెడెలిక్ అంటరు సాబిర్ భాయ్. డెబ్బైల నాటి ఫ్యాషన్, మళ్ల వచ్చింది. హాల్‌ల నిలవడి చూస్తె గోడ తిరిగినట్టుండాలె" అన్నాడు భానుప్రకాశ్. గృహప్రవేశానికి వస్తామని చెప్పి మొగుడూ పెళ్లాం బెంగళూరు వెళ్లిపోయారు.

సాయానికి జంగమ్మ కుదిరింది. మొగుడు పోయిన మనిషి. ఆ ఇంటి గోడలు లేచినన్నాళ్లూ మేస్త్రీల కింద తట్టలు మోసింది. బొమ్మ చూసి పడీ పడీ నవ్వింది.

"ఓ సాబిరన్నా, మనోళ్లకు కల్లు తాగితె తిరుగుతది. వీళ్లకు గోడ జూస్తెనే తిరగాల్నా? మంచిగుంది, ఖర్చు తక్కువ!"

నవ్వితే ఆకు నమిలి ఎర్రబడ్డ పళ్లు బారుగా కనబడేవి. నలభై దాటినా ఒక్క పన్ను కదల్లేదని ఆమెకు మహా గర్వం. చెరుకు గడను కత్తి లేకుండా ఒలిచేది.

వలయం గుండ్రంగా రావాలంటే నడుమ మేకు ఉండాలి, దానికి దారం కట్టి సుద్దముక్క తిప్పాలి. కొత్త గోడకు మేకు కొడితే లప్పం పెచ్చులూడుతుంది. అందుకని జంగమ్మ మేకును చేత్తో అదిమి పట్టుకునేది, సాబిర్ దారం పట్టుకుని గోడ మీద తిరిగేవాడు. ఆమె నోట్లో ఆకు నలుగుతూనే ఉండేది. కిటికీలకు ఇంకా తలుపులు పెట్టలేదు. దారిన పోయేవాళ్లందరూ తొంగి చూసి పోయేవారు.

అలా చూసినవాళ్లలో పక్కింటి తిమ్మమ్మ కొడుకు నాగన్న ఒకడు. చూశాడు, కళ్లు తిరిగి కిటికీ కిందే కూలబడ్డాడు. ఇంటికి మోసుకుపోతే నెత్తురు కక్కుకున్నాడు. కల్తీ కల్లు ఏనాడో అతని కడుపును తినేసిందని ఊరందరికీ తెలుసు. తెలిస్తే ఏం లాభం? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే జనం! ఎర్ర ముగ్గు, పసుపు ముగ్గు, నడుమ మేకు, పట్టుకున్నది ముండమోపి, పెదాలు కదులుతున్నాయి. ఇంకేం కావాలి? బాణామతి చేసిందన్నారు.

చేతబడి చేసిందని పేరు పడిన మనిషిని ఏం చేస్తారో సాబిర్ విన్నాడు. మంత్రం పలకకుండా పళ్లు పీకేస్తారు.

"చెల్లె, జర ఇనుకో. నాల్గు రోజులు మీ అక్కోళ్లూరికి పో. అంత సల్లవడ్డంక రా."

"తప్పు జేసినోళ్లు పోతరు. నేనెందుకు పోవాలె? ఇంక వంకాయ రంగు గుడ ఏయకపోతిమి" అంది జంగమ్మ.

నాగన్న చనిపోయాడు. మట్టి చేసి వచ్చిన జనం స్నానాలైనా చెయ్యకుండా కొత్తింటికి వచ్చారు. తిమ్మమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. పాపం, కన్నకడుపు. కానీ ఆ దుఃఖాన్ని ఎటు తిప్పాలో ముందే ఆలోచించుకుని వచ్చినవాడు ఊరిపెద్ద కిష్టయ్య.

"నీ మీద మాకు కోపం లేదు సాబిర్. నువ్వు రంగులేసెటోనివి, చెప్పింది గీస్తవ్. ఒక్కటే మాట అడుగుత. మేకు ఎవరు పట్టిండ్రు?"

నిజం చెబితే నింద పోతుందనుకున్నాడు పిచ్చి మారాజు.

"అయ్యో పెద్దయ్యా, గీసిందంత నేను! ఆమె ఉత్తగ మేకు పట్టుకుంది, అంతే! ఆమెకేం తెల్వదు, అల్లా మీద ఒట్టు!"

ఉత్తగ అన్న మాట ఎవరి చెవినా పడలేదు. అంతే అన్నదీ పడలేదు.

"ఇన్నరు గదా? మేకు పట్టిందంట. గీత ఎవడన్న గీస్తడు. మంత్రం మేకు పట్టినోళ్లదే" అన్నాడు కిష్టయ్య.

నలుగురు సాబిర్‌ను గోడకు అదిమిపెట్టారు. తడి నారింజ రంగు చొక్కాకంతా అంటుకుంది. జంగమ్మను వాకిట్లోకి ఈడ్చుకుపోయారు. "సాబిరన్నా, చెప్పే!" అని అరిచింది. అతను చెప్పాడు, గొంతు పోయేదాకా చెప్పాడు, వినేవాడెవడు? ఎవడో వచ్చి రంగు డబ్బాల పక్కనున్న పటకారు తీసుకుపోయాడు. అది సాబిర్‌దే. మూతలు తీసుకోవడానికి గద్వాల నుంచి తెచ్చుకున్నాడు. కాసేపటికి బయట అరుపు వేరే రకంగా మారింది. ఆ తర్వాత మాటలు లేవు.

పోలీసులు వచ్చారు, కొందరిని తీసుకుపోయారు. భానుప్రకాశ్ ఫోన్ చేసి, "పాపం, ఎంత పనైపోయింది!" అని బాధపడ్డాడు. ఆ వెంటనే, "ఆ గోడకు తెల్లరంగు ఏసెయ్ భాయ్, రేపు ఊరోళ్లతోని కలిసుండాల్సినోళ్లం" అన్నాడు. సాబిర్ కుంచెలు అక్కడే పడేసి వచ్చాడు. తెల్లరంగు వేరెవరో వేశారు.

గద్వాల దవాఖానకు సాబిర్ వారం తర్వాత గానీ వెళ్లలేకపోయాడు. ముఖం చెల్లలేదు. భార్య జాహెదా గంజి కాచి, రెక్క పట్టుకుని తీసుకుపోయింది. జంగమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు లోపలికి పోయి ముసలామెలా ఉంది. సాబిర్ మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు.

"నేను మంచికే చెప్పిన చెల్లె. ఉన్న నిజమే చెప్పిన."

ఆమె ఇటు తిరిగింది. చిగుళ్ల మధ్య మాట జారిపోతుంటే ఆగి ఆగి కూడదీసుకుంది.

"నిజమే అన్నా. మేకు నేనే పట్టిన. నీ మీద కోపం లేదన్నరు గద వాళ్లు. మేకు గుడ నేనే పట్టిన అని నువ్వంటె నిన్నేం జేయకపోదురు. ఒక్క అబద్ధం ఆడకపోతివి."

జాహెదా గ్లాసులో గంజి పోసి ఆమె నోటి దగ్గర పెట్టింది.