చక్కెర మానేసిన కణాలు

పెళ్లి సెలవు ముగించుకుని వచ్చి పది రోజులైనా ల్యాబులో అందరూ ఆమెను "కొత్త పెళ్లికూతురా" అనే పిలుస్తున్నారు. వినడానికి ఆమెకూ బాగానే ఉంది. మాట విననివల్లా ఇంక్యుబేటర్‌లోని క్యాన్సర్ కణాలే. చక్కెర మీద పడి తినే ఈ కణాలు, చక్కెర ఆపేస్తే చస్తాయని ఆమె అంచనా. ఆపి నాలుగు రోజులైనా అవి డిష్‌కు జిడ్డులా అతుక్కుని హాయిగా బతుకుతున్నాయి.

"ఎందుకు చావట్లేదో శుక్రవారంలోగా చెప్పు. లేదంటే ఈ పని ఆపేద్దాం," అన్నారు ల్యాబు నడిపే మేడమ్. అది రెండేళ్ల కష్టం.

గురువారం ఉదయం మైక్రోస్కోప్‌లో చూస్తే, ఒక్క వరస డిష్‌లలో మాత్రం కణాలన్నీ చచ్చి, ఊడిపోయి తేలుతున్నాయి. ఎగిరి గంతేసింది. మరుక్షణమే అనుమానం వచ్చింది. ఈ వరసకే ఏమైంది? వీటికి పోషకద్రవం పోసిన సీసా తీసి చూసింది. గ్లూటమిన్ కలపగానే మూత మీద టిక్కు పెట్టడం ల్యాబులో అలవాటు. ఈ మూత మీద టిక్కు లేదు.

మధ్యాహ్నం భర్త భోజనం పట్టుకొచ్చాడు.

"సోమవారం ఫోన్ చేసి కర్టెన్లు నీలమా పసుపా అని అడిగావు కదా, ఆ సంబరంలో గ్లూటమిన్ కలపడం మర్చిపోయాను."

"అదేంటి, మందా?"

"వాటి తిండే. నిలవుంటే పాడైపోతుందని విడిగా కలుపుతాం."

"అయితే చక్కెర ఆపినా ఇన్నాళ్లూ అవి దాంతో సర్దుకున్నాయన్నమాట. నువ్వు వంట మాడిస్తే నేను బిస్కెట్లతో సర్దుకోలేదూ!"

"మాడ్చింది నువ్వు!" అంది గానీ, ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అంతే కదా మరి!

పొరపాటు సంగతి దాచకుండా మేడమ్‌కు చెప్పేసింది. చీవాట్లకు సిద్ధపడే వెళ్లింది.

"ఆకలి రుచెరుగదని ఊరికే అన్నారా!" అని నవ్వారామె. "కానీ పొరపాటున జరిగింది రుజువు కాదమ్మా. రెండూ ఉంచి, ఒక్కోటీ ఆపి, రెండూ ఆపి చూడు. మూడుసార్లు చెయ్యి. నెల గడువిస్తున్నా."

మూడుసార్లూ అదే తేలింది. ఏ ఒక్కటి ఉన్నా ఈ కణాలు దాంతోనే నెట్టుకొచ్చాయి. రెండూ ఆపితేనే చచ్చాయి. చక్కెర తిన్నచోట ఎర్రటి పోషకద్రవం పులిసి పసుపుపచ్చగా మారింది. గ్లూటమిన్ ఒక్కటే ఉన్నచోట ఎర్రగానే ఉంది. ఆ రంగులు వరసగా చూసుకుని ఆమె మురిసిపోయింది.

"పని ఆపే మాట ఇక లేదు. రాయడం మొదలుపెట్టు," అన్నారు మేడమ్.

"మొదట పొరపాటున తెలిసిందని కూడా రాయాలా మేడమ్?"

"మొదటి వాక్యమే అది."