లైన్లో దాలమ్మ సీసా

నరసన్నపేటలో అందరూ ఒప్పుకున్న సంగతి ఒకటుంది. కిరసనాయిలు కొట్టు ముందు మనిషి లేకపోయినా ఆ మనిషి సీసా ఉంటే చాలు, మనిషి ఉన్నట్టే. వెనక నిలబడ్డవాళ్లు తమతో పాటు ఆ సీసానీ జరుపుకుంటూ పోవాలి.

అరవై ఎనిమిది మార్చిలో ఒక ఉదయం దాలమ్మ తన సీసాని లైన్లో పెట్టి, వెనకే ఉన్న స్నేహితురాలు తవిటమ్మతో, "ఒసే, గేదె ఈనేటట్టున్నాది. ఇంటికెళ్లి వస్తాను, సీసా సూడు. రేపు మా పద్మకి ఎస్సెల్సీ పరీక్ష, దీపం బుడ్డిలో సుక్క లేదు" అని పరుగెత్తింది.

తవిటమ్మ వెనక నారాయణమూర్తి నిలబడ్డాడు. విజయనగరంలో కాలేజీ పిల్లలకి నీతిశాస్త్రం చెప్తాడు. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. పీపా అడుగంటుతోందని కొట్టువాడు కేకేసేదాకా అతనికి నీతి గుర్తుకు రాలేదు.

"అత్తా, ఆ సీసాని జరపడం ధర్మమేనా?" అన్నాడు.

"ధర్మమేటి బాబూ, అది దాలమ్మ సీసా."

"అందరూ చేసినా చెల్లే పనే మనం చెయ్యాలని జర్మనీ పండితుడొకాయన చెప్పాడు. అందరూ సీసాలు పెట్టి ఇంటికి పోతే జరిపేదెవరు?"

సీసాకి ముందున్న అసిరమ్మ వెనక్కి తిరిగి, "స్నేహం కన్నా పెద్దదేటున్నాది? ఉండనీయే" అంది. ఆమెకి పోయేదేమీ లేదు. సీసాకి వెనకున్న వాళ్లందరికీ జర్మనీ పండితుడు నచ్చాడు.

"ఇంగ్లండులో ఇంకొకాయన, ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలగాలంటాడు. సీసా తీస్తే ఇంతమంది ముందుకొస్తారు. బాధపడేది దాలమ్మ ఒక్కతే."

"ఈ ఇంగ్లండాయన ఇంకా మంచోడు!" అని చివరనుంచి నరసింగరావు అరిచాడు.

తవిటమ్మకి ఇద్దరు పండితులూ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, సీసా తీస్తే తన వంతు ముందుకొస్తుంది. చదువుకున్నవాడు చెబుతున్నాడు కదా అని దాన్ని తీసి గోడ పక్కన పెట్టింది. అందరూ న్యాయంగా ఒక అడుగు ముందుకు వేశారు.

తవిటమ్మ సీసా నిండేసరికి పీపా ఖాళీ అయింది. దాలమ్మ సీసా లైన్లోనే ఉండుంటే ఆ నూనె ఆమెకి దక్కేది. నారాయణమూర్తి డబ్బా మాత్రం ఎలా వచ్చిందో అలాగే ఉంది.

అప్పుడొచ్చింది దాలమ్మ. చేతులకి దూడ తడి ఇంకా ఆరలేదు. గోడవైపు చూసింది.

"ఎవులు తీసినారే?"

"అదే నాయమంటన్నారే. జర్మనీలో..."

"జర్మనీవోడొచ్చి తీసినాడా? నువ్వు తీసినావు."

తవిటమ్మ నిండు సీసా చాపింది. "సగం పోసుకోవే."

"నువ్వే తాగు" అని దాలమ్మ ఖాళీ సీసా పట్టుకుని వెళ్లిపోయింది.

"చూడత్తా," అన్నాడు నారాయణమూర్తి, "ఆవిడ వద్దంది కాబట్టి, ఆ సగం అవసరమున్నవాళ్లకి ఇవ్వడం ఉత్తముల లక్షణమని గ్రీకు దేశంలో..."

తవిటమ్మ సీసాకి బిరడా బిగించింది.

దీపాలవేళ పద్మ పుస్తకాలు పట్టుకుని తవిటమ్మ ఇంటికి వచ్చింది.

"మాయమ్మ నీతో మాటాడదంట పిన్నీ. బుడ్డితో మాకు తగువు లేదంది."

తవిటమ్మ చాప వేసి, ఒత్తి పెంచింది. కాసేపటికి గుమ్మంలో ఎవరో దగ్గారు. నారాయణమూర్తి, చంకలో పిల్లల జవాబు కాగితాల కట్ట.

"అత్తా, వెలుగు ఎవరి సొత్తని అడిగితే, రోము నగరంలో ఒకాయన..."

"కూసో బాబూ. నోరు మాత్రం తెరవకు. పిల్ల సదువుకుంతన్నాది."