పొగ పీల్చే పెట్టె

సింగరయ్యకు ఫ్యాను గాలి గిట్టదు. గాలి తగిలితే సోల్డరింగ్ ఐరన్ మొన చల్లారిపోతుంది, అతుకు సరిగ్గా పడదు. అందుకని పడవల్లో పాడైన వైర్‌లెస్ సెట్లు బాగుచెయ్యడానికి రేవుకి వెళ్ళినప్పుడల్లా కేబిన్ తలుపు బిగించుకుని కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి సోల్డరింగ్ పొగంతా ఆయన ఛాతీలోకే పోయింది.

"ఈ పొగ ఇంకా పీల్చావంటే ఊపిరి దక్కదయ్యా, పని మానెయ్," అన్నాడు తెనాలి డాక్టరు. రేపల్లె బస్సు దిగి ఇంటికి రాగానే సింగరయ్య, "మానేసి ఏం చెయ్యమంటాడే? ఆయన దగ్గర కాంపౌండర్‌గా చేరమంటాడా?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

కోటిరత్నం మొండి ఘటం. మొగుడి పక్కన కూర్చుని చూసి చూసి సగం పని నేర్చింది. బాపట్లలో పాత కంప్యూటర్లు అమ్మే తమ్ముణ్ణి పీడించి ఓ చిన్న ఫ్యానూ, ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి ఊడదీసిన సెల్సూ తెచ్చుకుంది. వంటింటి చిమ్నీకి వేసే బొగ్గు జాలీ కత్తిరించి, అన్నిటినీ చేపల ఐసు డబ్బాకి బిగించి, ఫ్యాను తిరిగినంతసేపూ వెలిగేలా మీద ఓ ఎర్ర దీపం పెట్టింది. మొదటిసారి ఫ్యాను తిరగేసి బిగించడంతో పొగంతా సింగరయ్య మొహాన కొట్టింది. "నన్ను చంపడానికి ఇంత కష్టపడాలా?" అని ఆయన పగలబడి నవ్వి, దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. రెండోసారి పొగ బుద్ధిగా డబ్బాలోకి పోయింది. పెళ్ళయ్యాక ఆవిడకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అప్పట్నుంచి డబ్బా లేకుండా ఆయన పడవెక్కలేదు.

"ఎట్లా ఉందండీ?" అని ఆవిడ రోజూ అడిగేది.

"బ్రహ్మాండం! ఇదివరకు ఘాటెక్కితే తలుపు తీసుకుని బయటికి పరిగెత్తేవాణ్ణా, ఇప్పుడు వాసనే రావట్లేదు. మధ్యలో లేచే పనే లేదు."

ఓ పొద్దున పొయ్యి పక్కనే కూర్చుని కూడా, పాలు అడుగంటి మాడుతుంటే ఆయన గమనించలేదు. ధ్యాసంతా ఎక్కడుందని కోటిరత్నం చెడామడా తిట్టింది.

ఆ వారంలోనే ఆయన ఆయాసానికి పీల్చే మందు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడు. అది పట్టుకుని ఆవిడ నిజాంపట్నం రేవుకి పరిగెత్తింది. "లోపలే ఉన్నాడు చెల్లెమ్మా," అని చూపించాడు పడవ యజమాని బసవలింగం. పక్క పడవ ఇంజను రొదకి చెవులు చిల్లులు పడుతున్నాయి. కేబిన్ తలుపు తియ్యగానే ఘాటుకు ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

డబ్బా మీద దీపం వెలగడం లేదు. ఫ్యాను తిరగడం లేదు. ఇంట్లో రెండు మూడు అతుకులకు సరిపోయిన ఆ పాత సెల్సు ఇక్కడ కాసేపటికే నీరసించి ఆగిపోతున్నాయన్నమాట. పొగ తిన్నగా ఆయన ముక్కులోకి పోతోంది.

సింగరయ్య తలెత్తి మురిపెంగా నవ్వాడు. "వచ్చావా! చూడు నీ డబ్బా మహిమ. ఇసుమంతైనా వాసన ఉందా?"

కోటిరత్నానికి ఆ పొద్దున మాడిన పాలు గుర్తొచ్చాయి. ఇదివరకు ఆయన్ని బయటికి తరిమి బతికించింది ఆ ఘాటొక్కటే. ఆయన ముక్కు ఎప్పుడు చచ్చిపోయిందో ఆయనకే తెలియలేదు, తన డబ్బా తెలియనివ్వలేదు. ఆవిడ తలుపు బార్లా తెరిచింది.

"తలుపెయ్యవే, గాలొస్తోంది," అని సింగరయ్య మళ్ళీ పొగలోకి వంగాడు.