హత్యల మేడం గుట్టు

పదిహేను నవలల్లో ముప్ఫై ఎనిమిది మందిని చంపిన మనిషిని చూడాలని ఎవరికైనా సరదా పుడితే, బుధవారం సాయంత్రం అయిదింటికి గ్రంథాలయం మేడ మీది గదికి వెళ్తే చాలు. పొట్టిగా, బొద్దుగా, భుజాన గుడ్డ సంచీతో, పక్కవాళ్ళు గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడే ఒక పెద్దావిడ కనిపిస్తుంది. వీధి వీధంతా ఆవిణ్ణి హత్యల మేడం అంటుంది. మొదట్లో ఆ పేరు వింటే చిన్నబుచ్చుకునేది. ఇప్పుడు కూరగాయల దుకాణంలో ఆ పేరు చెప్పుకుని మరీ క్యూలో ముందుకు దూరిపోతోంది.

ఆ గదిలో ఆవిడ తొమ్మిది మందికి నేర నవలలు రాయడం నేర్పుతుంది. వాళ్ళలో చెప్పుల షాపు ఓనరున్నాడు, లెక్కల మాస్టారున్నాడు, అందరికంటే వెనక కూర్చునే రిటైరైన నర్సుంది. ఏ ఒక్కరూ ఇంతవరకు ఒక్క నవలా పూర్తి చేయలేదు గానీ, పదేళ్ళుగా ఒక్క క్లాసూ మానలేదు. ఏడాదికోసారి అక్కడొక తంతు జరుగుతుంది. మేడం తన కొత్త నవలలో మొదటి మూడు అధ్యాయాలు చదివి వినిపిస్తుంది. హంతకుడెవరో ఊహించి తలా ఒక చీటీ రాసి బిస్కట్ల డబ్బాలో వెయ్యాలి. చీటీలన్నీ తప్పయితే నవల అచ్చుకి వెళ్తుంది. పదేళ్ళలో ఒక్క చీటీ కూడా ఒప్పు కాలేదు.

ఈసారి చీటీల మీద చాలా ఆధారపడి ఉంది. కిందటి నవలలో హంతకుణ్ణి అరవయ్యో పేజీలోనే పట్టేశామని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ప్రచురణకర్త అవన్నీ కట్టగట్టి మేడం ముందు పెట్టి, ఇది కూడా ముందే తెలిసిపోతే ఇక హత్యలు మానేసి వంటల పుస్తకం రాసుకోండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ హాస్యానికి అనలేదు. మేడం వంట తిన్నవాళ్ళకి ఇదెంత పెద్ద బెదిరింపో అర్థమవుతుంది. మనసులో దాచుకోలేక ఆ సంగతి క్లాసులో కూడా చెప్పేసింది.

ఆ బుధవారం మూడు అధ్యాయాలూ చదివి, డబ్బా మూత తీసి మొదటి చీటీ విప్పింది. ‘తాళాల తాత’ అని ఉంది. రెండోదీ తాళాల తాతే. అయిదోది విప్పేసరికి ఆవిడ ముఖం మాడిపోయింది. తొమ్మిదో చీటీలో లెక్కల మాస్టారు ‘తాళాల తాత, సందేహం లేదు’ అని కింద గీత కూడా గీశాడు. హంతకుడు నిజంగా ఆ తాతే గానీ, మూడు అధ్యాయాల్లో కలిపి అరపేజీకి మించి లేడు. తలుపు తెరుచుకోని ఒకావిడ ఇంటికి వచ్చి, తాళం విప్పి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అంతే.

ఎవరో గుట్టు బయటపెట్టారని మేడం తేల్చేసింది. నవల మొత్తం ఆవిడ చదవమని ఇచ్చింది ఒక్క భర్తకే, ఆయన కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. ఇంటికెళ్ళి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తన నవలల్లో ఇన్‌స్పెక్టర్ అడిగినట్టే ఆరా తీసింది. ఈ నెలలో క్లాసువాళ్ళెవరు దుకాణానికి వచ్చారు, ఏం మాట్లాడారు, ఎంతసేపున్నారు అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“చూడూ, నేను మూడో అధ్యాయం దాకానే చదివాను. తర్వాత నిద్రొచ్చేసింది” అన్నాడు. “అయినా నాక్కూడా ఆ తాతే అనిపించాడు.”

ఆ పూట మేడంకి రెండు దుఃఖాలు. పదో చీటీ కట్టుకున్న మొగుడే వేశాడన్న దుఃఖం ఒకటి, నిద్రొచ్చిందన్న దుఃఖం ఇంకొకటి. రెండోదే ఎక్కువగా బాధించింది.

మర్నాడు ఉదయమే మేడం, క్లాసులో వెనక కూర్చుని అన్నీ గమనించే నర్సు ఇంటికి వెళ్ళింది. నర్సు మంచం మీద దుప్పట్లు మడతపెడుతోంది, ఆస్పత్రి పద్ధతిలో, అంచులు కత్తితో కోసినట్టు. మేడం కూర్చోకుండానే ఎలా కనిపెట్టారని అడిగేసింది. నర్సు చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది.

“మీరెవర్ని ఇష్టపడి రాస్తారో వాళ్ళే హంతకులు మేడం. ప్రతి పుస్తకంలోనూ అంతే. పోస్టుమాన్, సంగీతం టీచరు, ఇప్పుడీ తాత. వాళ్ళ చేతులెలా ఉంటాయో కూడా చెప్తారు మీరు. మిగతావాళ్ళకి అసలు చేతులే ఉండవు.”

“ఇది మీ అందరికీ తెలుసా?”

“మూడో ఏడు నుంచీ తెలుసు. మీరు బాధపడతారని కావాలనే తప్పుడు చీటీలు వేస్తూ వచ్చాం. ఈసారి మీ ప్రచురణకర్త మాట విన్నాక, ఇక నిజం చెప్పకపోతే ద్రోహమవుతుందనుకున్నాం.”

మేడంకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ తనే వాళ్ళని మోసం చేస్తున్నాననుకుంది. తొమ్మిది మంది కలిసి ఎనిమిదేళ్ళు తనకి టోకరా వేశారు, అదీ ప్రేమతో. ఇంతటి కుట్ర తన ఒక్క నవలలోనూ లేదని ఆవిడకి కొంచెం అసూయ కూడా కలిగింది.

నవల ప్రచురణకర్తకి ఇవ్వడానికి ఇంకా మూడు వారాలున్నాయి. మొదటి వారం కిరాణావాడికీ, కానిస్టేబుల్‌కీ, పక్కింటావిడకీ అందరికీ చేతులు పెట్టి చూసింది. నవల ఎనభై పేజీలు పెరిగింది, హంతకుడు తాతేనని మాత్రం ఇట్టే తెలిసిపోతోంది. రెండో వారం తాత మీద ఇష్టం చంపుకుని రాసింది. తాత కట్టెపేడులా తయారయ్యాడు. చదివితే ఆవిడకే ఆవలింత వచ్చింది. మూడో వారం మొదటిరోజు, ఇక దాచడం తన వల్ల కాదని ఒప్పుకుని, కొత్త కాగితం తీసి మొదటి వాక్యం ఇలా రాసింది: ‘తాళాల తాత ఆ మనిషిని చంపిన మాట నిజమే.’ తర్వాత కలం ఆగలేదు. తాత మీద ఎంత ఇష్టముందో అంతా రాసేసింది.

ప్రచురణకర్త మొదటి వాక్యం చదివి ఫోన్ చేసి ఒంటికాలి మీద లేచాడు. మేడం అంతా విని, మిగతాది కూడా చదవమంది. రెండురోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు తనే ఇంటికొచ్చాడు. బస్సులో చదువుతూ తను దిగాల్సిన చోటు దాటి నాలుగు స్టాపులు వెళ్ళిపోయానని నేరం ఒప్పుకున్నట్టు చెప్పి, అచ్చుకి పంపుతున్నానన్నాడు.

పుస్తకం విడుదలైన రోజు గ్రంథాలయం కింది హాలు నిండింది. మేడం మొదటి వాక్యం చదవగానే హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ముందే చెప్పేస్తే ఇంకెందుకు కొనాలని ఎవరో పైకే అడిగారు. ఆవిడ తలెత్తకుండా చదువుకుంటూ పోయింది. పోలీసు స్టేషన్ బీరువా తాళం బాగుచెయ్యమని కబురొస్తే, తాత పనిముట్ల పెట్టె పట్టుకుని ఆ స్టేషన్ మెట్లెక్కే చోట ఆపి, పుస్తకం దించింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు.

ముందు వరసలోంచి నర్సు లేచి నిలబడింది.

“ఆ తాత దొరికిపోతాడా మేడం?”

ఇది కూడా తనని సంతోషపెట్టడానికి అడిగిందేమోనని మేడంకి అనుమానం వచ్చింది. ఎనిమిదేళ్ళు మోసపోయిన మనిషి మరి. కళ్ళజోడు సర్దుకుని నర్సు ముఖంలోకి తేరిపార చూసింది. నర్సు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“దొరక్కూడదండీ” అంది నర్సు, గొంతు తగ్గించి.

మేడంకి పట్టరానంత సంతోషం వేసింది. నర్సుకి నిజంగానే తెలియదు. హాల్లో ఎవరికీ తెలియదు. ఆవిడ పుస్తకం మూసి సంచీలో పెట్టుకుని, కొనుక్కుని చదవండి అంది.