మంచు వాలు నడిమధ్య

మూడు రాత్రులుగా కొండ మీద మంచు గడ్డకట్టలేదు. మార్చి నెలాఖరులో అది మంచి కబురు కాదు. పైన ఎండకు నీరెక్కి బరువెక్కిన మంచు, అడుగున డిసెంబరు నాటి పంచదార పలుకుల్లాంటి పొర. ఆ రెంటికీ పొసగదని, పైది ఎప్పుడైనా జారిపోవచ్చని కొలరాడోలో మంచు కొలిచేవాళ్లెవరినడిగినా చెబుతారు. అయినా నెలాఖరు కొలత ఆగదు. వేసవికి నీళ్లెన్నో తెలియాలని కింద పొలాలవాళ్లు కాచుకుని కూర్చుంటారు మరి.

ఇలాంటి వాలు ఒక్కొక్కరే దాటాలి, రెండోవాళ్లు కన్నార్పకుండా చూడాలి. అదీ పద్ధతి. హార్లన్ కొలత గొట్టం వీపున కట్టుకుని స్కీల మీద వాలులోకి దిగాడు. అతని అన్నకూతురు టామ్సిన్ చెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, పొద్దున ట్రక్కు దగ్గర జరిగింది.

ఇద్దరి ఛాతీల మీదా బీకన్లున్నాయి. మంచు కింద కూరుకుపోతే మనమెక్కడున్నామో కూత పంపేది అదే. బాబాయి తనది వెతికేవైపు తిప్పి, ఆమెది పనిచేస్తోందో లేదో విన్నాడు. వెతికేవైపు ఉన్నంతసేపూ అది కూత పంపదు. "మరి నీది?" అని ఆమె అంటే, "నాది నువ్వు చూసేదేంటే? నీకు స్కీలు తొడిగిందే నేను!" అని జిప్పు లాగేసుకున్నాడు. మళ్లీ పంపేవైపు తిప్పాడా? ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం, ఏం చేసుకోను! పెద్దాయన కదా అని ఈవిడా నోరు మూసుకుంది.

ఇప్పుడు తన బీకన్ వెతికేవైపు పెట్టి చూసింది. ముప్పై గజాల దూరం. అది కిక్కురుమనలేదు.

చెబితే వాలు నడిమధ్య ఆగుతాడు. చెప్పకపోతే, మంచు జారిందంటే, మనిషి దొరకడు. దాటడానికింకా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఆమె ఓపలేకపోయింది.

"బాబాయ్! నీ బీకన్ కూయట్లేదు! తిప్పు!"

హార్లన్ ఆగాడు. "ఇక్కడా? నీ పిరికితనం తగలెయ్య! అవతలికెళ్లాక చూస్తాలే."

"నీకు దణ్ణం పెడతా, ఇప్పుడే తిప్పు!"

గొణుక్కుంటూ జిప్పు తీసి తిప్పాడు. ఆమె చేతిలో బీప్‌మంది. అమ్మయ్య అనుకునేలోపే కొండ లోపల్నించి దబ్బుమని చప్పుడు. అతని పైన మంచు అడ్డంగా చీలి, అతన్ని లాక్కుంటూ కిందికి జారింది. హార్లన్ కనబడలేదు.

మంచు నిలిచాక పరుగెత్తింది. మిగిలింది కూడా ఊడిపడుతుందేమోనని పైకి చూస్తూనే ఉంది. బీకన్ తెర మీద దూరం అంకెలు తగ్గాయి. ఇరవై రెండు, తొమ్మిది, రెండు. వీపు సంచిలోంచి పొడవాటి కడ్డీ తీసి మంచులో గుచ్చితే మూడోసారి మెత్తగా తగిలింది. పారతో తవ్వింది, ఆపైన చేతులతో తవ్వింది. నీలం తేలిన మొహం బయటపడింది. నోట్లో మంచు వేలితో లాగేసింది. దగ్గాడు.

ఊపిరందాక అతనన్న మొదటి మాట, "నువ్వాపకపోతే ఈపాటికి అవతలుండేవాణ్ణే."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అది నిజమేనేమోనన్న భయం కొండ భయాన్ని మించిపోయింది. అతని కాళ్లింకా మంచులోనే ఉన్నాయి.

"కదలకు బాబాయ్, తవ్వుతున్నా," అని మళ్లీ పార అందుకుంది.